గుర్రం దాగ్ నుంచి చాసిస్ నంబర్ దాకా: పాత సవారీ కొనే తారీఖ్

పద్నాలుగో సదీ మొదట్లో వస్సాఫ్ అనే ఇరానీ ముఅర్రిఖ్ మన సముద్ర తీరం గురించి రాస్తూ, మాబర్ అనే దేశం కులం నుంచి నీలావర్ దాకా ఉంటుందన్నాడు. కులం అంటే కేరళలోని కొల్లం. నీలావర్ అంటే మన నెల్లూరు. ఫార్సీ కితాబుల్లో నెల్లూరు పేరు కనిపించే పాత చోట్లలో ఇదొకటి. తమాషా ఏమిటంటే, ఆ పేరు పక్కనే ఆయన చెప్పిన కిస్సా సవారీల తిజారత్ గురించి. అప్పటి సవారీ గుర్రం.

ఇప్పుడు కలువాయి నుంచైనా, ఆత్మకూరు నుంచైనా, ఉదయగిరి నుంచైనా పాత కారు కొనాలంటే నెల్లూరు వెళ్తారు, కాకపోతే చెన్నై. కువైట్‌లోనో సౌదీలోనో రెండు మూడేళ్ళు ఎండలో కష్టపడిన కమాయి జేబులో ఉంటుంది. ఇంట్లో అమ్మీజాన్‌కు మోకాళ్ళ నొప్పులు, పిల్లలకు సెలవులు, ఏ.ఎస్. పేట దర్గాకు ఖాందాన్ అంతా ఒకే బండిలో వెళ్ళాలనే ఆశ. డీలర్ యార్డ్‌లో తళతళలాడే కారు, పక్కన తీయగా మాట్లాడే దలాల్. గంటలో బయానా చేతులు మారుతుంది. ఆ గంటలో అడగాల్సిన సవాళ్ళు కొత్తవి కావు. ఏడు వందల ఏళ్ళుగా కొనేవాళ్ళు అడుగుతూనే ఉన్నారు, అమ్మేవాళ్ళు దాటేస్తూనే ఉన్నారు. ఆ తారీఖ్ తెలిస్తే ఇవాళ్టి కాగితాలు ఎందుకు పుట్టాయో అర్థమవుతుంది.

సముద్రం దాటి వచ్చిన గుర్రాలు

మన దేశపు దక్షిణాన మంచి జంగీ గుర్రాలు పుట్టవు. హొర్ముజ్, కైస్, ఏడెన్ రేవుల నుంచి ఓడల్లో రావాల్సిందే. కైస్ హాకిం మలికుల్ ఇస్లాం జమాలుద్దీన్ ఏటా 1400 గుర్రాలు మాబర్‌కు పంపే కరారు చేసుకున్నాడని, ఒక్కో గుర్రానికి 220 ఎర్ర బంగారు దీనార్లు ధర అని వస్సాఫ్ రాశాడు. దారిలో సముద్రంలో చచ్చిపోయిన గుర్రాల ఖరీదు కూడా రాజు ఖజానా నుంచే ఇవ్వాలట. అంటే నుక్సాన్ అంతా కొనేవాడిది, నఫా అంతా అమ్మేవాడిది.

వచ్చిన గుర్రాలను ఇక్కడివాళ్ళు ఎలా చూసుకునేవారో కూడా ఆయన రాశాడు. బార్లీ వేయించి, వెన్నతో కలిపిన దాణా పెట్టి, తాళ్ళతో కట్టేసి ఉంచేవారట. మేత మేసి, నడక లేక అవి పాడైపోయేవి. మార్కో పోలో ఇంకో మాట చేర్చాడు. రాజులు ఒక్కొక్కరు ఏటా 2000 దాకా గుర్రాలు కొంటారు, సాలు తిరిగేసరికి వందైనా మిగలవు. కారణం, గుర్రాలకు నాల్ కొట్టేవాళ్ళు, మందు చేసేవాళ్ళు ఇక్కడ లేరు. గుర్రాల తాజిర్లు వాళ్ళను తమ వెంట తీసుకురారు, వేరేగా రానివ్వరు కూడా. గుర్రాలు చస్తేనే కదా మళ్ళీ గిరాకీ.

పోలో మాటల్లో అతిశయం ఉండొచ్చు. కానీ ఆ సౌదాలోని మర్మం మాత్రం స్పష్టం. మాల్ గురించిన ఇల్మ్ అంతా అమ్మేవాడి దగ్గర ఉంది, కొనేవాడి దగ్గర డబ్బు మాత్రమే ఉంది. మెకానిక్‌ను వెంట తీసుకెళ్ళకుండా కారు కొనేవాడి పరిస్థితి ఇదే. మన మెకానిక్‌ను చూసి మొహం చిట్లించే డీలర్ ఉంటే, పోలో చెప్పిన తాజిర్లను గుర్తు చేసుకోండి.

పదిహేనో సదీకి ఈ కథ మన పక్కకే వచ్చింది. ఉదయగిరి ఖిల్లా విజయనగర రాజ్యానికి పెద్ద రాష్ట్ర కేంద్రం. తర్వాత అది గజపతుల చేతికి పోతే, 1513లో కృష్ణదేవరాయలు ముట్టడి మొదలుపెట్టి 1514లో తిరిగి గెలిచాడు. అలాంటి కొండ కోటల జంగ్‌లకు గుర్రం ప్రాణం. రాయలకు ముందు రాజ్యమేలిన సాళువ నరసింహుడు హొర్ముజ్, ఏడెన్ గుర్రాల తాజిర్లకు అడిగినంత ఇచ్చేవాడని పోర్చుగీసు గుర్రాల వ్యాపారి నూనిజ్ రాశాడు. వెయ్యి పర్దావోలకు మూడు గుర్రాలు. బతికున్నవే కాదు, చచ్చినవి కూడా. దారిలో చచ్చిన గుర్రానికి తోక తెచ్చి చూపిస్తే చాలు, పూర్తి ఖరీదు.

దాని వెనుక సియాసత్ ఉంది. పైసా పోయినా సరే, గుర్రాలు తన శత్రువుల దగ్గరికి పోకూడదు. రాజుకు ఆ తాకత్ ఉంది. తోక చూసి ధర కట్టే తాకత్ మన ఖాందాన్లకు లేదు.

దాగ్, హులియా

ధోకాను పట్టుకోవాలంటే నిశానీ కావాలని మొదట గట్టిగా గ్రహించింది ఢిల్లీ సుల్తాన్ అలావుద్దీన్ ఖిల్జీ (1296–1316). ఆయన ఫౌజ్‌లో ఒక పాత రోగం ఉండేది. సిపాయి మంచి గుర్రం చూపించి జీతం తీసుకుంటాడు, తర్వాత దాన్ని అమ్మేసి బక్క తట్టువను కట్టేసుకుంటాడు. ముఆయినా రోజున ఒకే గుర్రం రెండు పేర్ల మీద నడుస్తుంది. దీనికి ఖిల్జీ చేసిన ఇలాజ్ రెండు రకాలు. గుర్రానికి దాగ్, అంటే కాల్చి వేసిన ముద్ర. సిపాయికి హులియా, అంటే వాడి రూపురేఖలు రాసిన దఫ్తర్.

బజార్‌ను కూడా వదల్లేదు. గుర్రాలను తరగతులుగా విడదీసి ధర కట్టాడు. జియావుద్దీన్ బరనీ లెక్క ప్రకారం మొదటి దర్జా గుర్రం 100 నుంచి 120 టంకాలు, రెండోది 80 నుంచి 90, మూడోది 65 నుంచి 70. అన్నిటికన్నా కఠినంగా పట్టుకున్నది దలాళ్ళను. అమ్మేవాడి దగ్గరా కొనేవాడి దగ్గరా రెండు వైపులా తిని ధర పెంచే పెద్ద దలాళ్ళను బజార్ నుంచి తరిమాడు, కొందరిని దూరపు ఖిల్లాలకు పంపాడు. ఆ జబర్దస్తీ ఆయనతోనే పోయింది, ధరలు మళ్ళీ పాత దారి పట్టాయి. కానీ దాగ్ అనే ఆలోచన చావలేదు. 1570ల్లో అక్బర్ దాన్ని మళ్ళీ తెచ్చాడు. గుర్రానికి దాగ్, సవారుకు చెహ్రా. అబుల్ ఫజల్ ఐనె అక్బరీలో ఆ ఖాయిదాలన్నీ రాసిపెట్టాడు.

ఇవాళ కారు బాడీ మీద కొట్టిన చాసిస్ నంబర్ ఆ దాగ్‌కు వారసురాలు. ఆర్.సి. ఆ హులియాకు వారసురాలు. ఆ రోజుల్లో దాగ్ వేసిన గుర్రాన్ని దఫ్తర్‌తో సరిచూడకపోతే దాగ్ ఉన్నా లేనట్టే. ఇవాళ ఆర్.సి. కార్డు చేతిలో పట్టుకుని, బానెట్ ఎత్తి చాసిస్ నంబర్ ఒక్కొక్క అక్షరం చదివి చూడకపోతే ఆర్.సి. ఉన్నా అంతే.

ఐబ్ చెప్పాలా, కనిపెట్టాలా

ఇక్కడ ఒక పెద్ద ఖానూనీ సవాల్ వస్తుంది. మాల్‌లో ఐబ్ ఉంటే చెప్పాల్సిన జిమ్మేదారీ అమ్మేవాడిదా, కనిపెట్టాల్సింది కొనేవాడా?

ఫిఖ్ కితాబుల్లో దీని మీద బాబ్‌లకు బాబ్‌లే ఉన్నాయి. బజార్‌లో ధాన్యపు రాశిలో చెయ్యి పెట్టి చూస్తే లోపల తడి తగిలిన హదీస్ మన ఇళ్ళలో పిల్లలకు కూడా తెలుసు. తడిసిన గింజలు పైన ఉంచి అమ్మాలన్నదే అక్కడి హిదాయత్. ఇంకోటి, పాలు పిండకుండా రెండు మూడు రోజులు ఆపి, పొదుగు నిండుగా చూపించి పశువును అమ్మడం. దాన్ని హదీస్ మనా చేసింది, అలా మోసపోయినవాడికి మూడు రోజుల ఇఖ్తియార్ ఇచ్చింది. వాపసు ఎలా చేయాలన్న దానిపై ఫుఖహా మధ్య ఇఖ్తిలాఫ్ ఉంది, కానీ అది ధోకా అనే విషయంలో లేదు. కారు మీటర్‌ను లక్షా నలభై వేల నుంచి అరవై వేలకు తిప్పడం ఈ పొదుగు కట్టడానికి సొంత తమ్ముడే.

దీని నుంచే ఖియారుల్ ఐబ్ అనే హఖ్ పుట్టింది. కొన్న తర్వాత పాత ఐబ్ బయటపడితే సౌదా రద్దు చేసుకునే హఖ్ అది. అయితే హనఫీ ఫిఖ్‌లోనే ఇంకో మాట ఉంది. "ఏ ఐబ్ ఉన్నా నాకు జిమ్మేదారీ లేదు" అని షరతు పెట్టి అమ్మితే, కొనేవాడు ఒప్పుకుంటే, ఆ సౌదా చెల్లుతుంది. కానీ తెలిసిన ఐబ్‌ను కావాలని దాచినవాడు గునాహ్ నుంచి తప్పించుకోడు. "చూసుకుని తీస్కో భాయ్, తర్వాత నాకు సంబంధం లేదు" అనే యార్డ్ మాటకు ఆ రోజుల్లోనే జవాబు రాసి ఉంది. కూఫాలో బట్టల తిజారత్ చేసిన ఇమాం అబూ హనీఫా తన షరీక్ ఒక ఐబ్ ఉన్న బట్టను చెప్పకుండా అమ్మాడని తెలిసి, ఆ సొమ్మంతా సదఖా చేసేశారని కితాబుల్లో చెబుతారు.

ఇంగ్లీషోళ్ళ దౌర్‌లో అదాలతులకు వాళ్ళ ఖానూన్ వచ్చింది. దాని అసూల్ వేరు: కొనేవాడే కళ్ళు తెరుచుకుని కొనాలి. 1872 కాంట్రాక్టు చట్టంలో ఉన్న అమ్మకాల బాబ్‌ను తీసి, 1930లో సరుకుల విక్రయ చట్టం చేశారు. అందులోని సెక్షన్ 16 ఇప్పటికీ అమల్లో ఉంది. సరుకు నాణ్యతపై అమ్మేవాడి హామీ తనంతట తాను ఉండదని మొదట చెప్పి, తర్వాత మినహాయింపులు ఇస్తుంది. ఆ రకం సరుకులు అమ్మడమే పేషాగా ఉన్నవాడి దగ్గర వర్ణన చూసి కొంటే, అది అమ్మకానికి తగిన సరుకై ఉండాలి. కానీ ఒక మెలిక ఉంది. కొనేవాడు ముందే పరీక్షించి ఉంటే, ఆ పరీక్షలో కనిపించాల్సిన ఐబ్‌ల మీద తర్వాత దావా చెల్లదు. పైపైన చూసి "బాగుంది" అనడం ఖానూన్ దృష్టిలో మనకే నుక్సాన్.

1986లో వినియోగదారుల రక్షణ చట్టం, దాని స్థానంలో 2019 చట్టం వచ్చాక తరాజూ కొంచెం కొనేవాడి వైపు వంగింది. డీలర్ దాచిన విషయంపై జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు చేయొచ్చు. అప్పుడు అడిగేది ఒకటే: డీలర్ ఏం చెప్పాడో రాతలో ఉందా? నోటి మాటకు గవాహీ దొరకదు.

సుడులు, పళ్ళు, తువాలు కింద వేళ్ళు

మోటారు రాకముందు మన పల్లెల్లో సవారీ అంటే ఎద్దులే. నెల్లూరు పశువుల పేరు బ్రెజిల్ దాకా వెళ్ళి అక్కడ నెలోర్ అయింది. ఆ ఎద్దును కొనే రైతుకు డీలర్ మాట అక్కర్లేదు. నోరు తెరిచి పళ్ళు చూస్తాడు. రెండు పళ్ళా, నాలుగా, ఆరా, నోరు కలిసిందా. వయసు దాచే వీలు లేదు. ఒంటి మీద సుడులు చూస్తాడు. కాస్త దూరం నడిపిస్తాడు, కాడి కట్టి చూస్తాడు. ఏ ఊరి ఎద్దు, ఎవరి కొట్టంలో పెరిగింది, ఎందుకు అమ్ముతున్నారు అని ఆరా తీస్తాడు. రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ళ మీద నడిచిందని ఊరికే అనలేదు.

అక్కడా దలాళ్ళు ఉన్నారు. తువాలు కింద చేతులు పెట్టి, వేళ్ళు పట్టుకుని ధర తేల్చేవారు. పక్కనున్నవాడికి లెక్క తెలియదు. ఇవాళ యార్డ్‌లో "లాస్ట్ రేటు మేనేజర్‌ను అడిగి చెప్తా" అని లోపలికి వెళ్ళి వచ్చేవాడు ఆ తువాలును గాజు తలుపుగా మార్చుకున్నాడు, అంతే.

మోటారు జమానా, నిమ్మకాయల సబక్

మోటారు బళ్ళకు దేశమంతటికీ ఒకే రిజిస్ట్రేషన్ ఖానూన్ 1914లో వచ్చింది. తర్వాత 1939 చట్టం, ఇప్పుడు అమల్లో ఉన్నది 1988 చట్టం. ఇది 1989 జూలై 1న అమల్లోకి వచ్చింది. అంబాసిడర్, పద్మినీ జమానాలో కొత్త కారు కోసం ఏళ్ళ తరబడి వెయిట్ చేయాలి కాబట్టి పాత కారు కూడా సోనానే. బండి చరిత్ర ఒక్క మెకానిక్ మస్తాన్ భాయ్ లాంటి వాళ్ళ జెహన్‌లోనే ఉండేది, ఊళ్ళో ఉన్నవే నాలుగైదు కార్లు కాబట్టి అది సరిపోయేది. 1983 డిసెంబర్‌లో మారుతీ 800 వచ్చి కార్లను మధ్యతరగతి ఇంటికి తెచ్చింది. 2001లో ఆ కంపెనీయే ట్రూ వాల్యూ పేరుతో పాత కార్ల దుకాణాలు తెరిచింది. బళ్ళు లక్షలయ్యాయి, మెకానిక్ జ్ఞాపకం చాలలేదు.

1970లో జార్జ్ అకర్‌లాఫ్ అనే అమెరికన్ ఆర్థికవేత్త పాత కార్ల బజార్ మీద చిన్న వ్యాసం రాశాడు. 2001లో ఆయనకు నోబెల్ ఇనాం రావడానికి అది ముఖ్య కారణం. అమెరికా మాటల్లో పాడు కారును నిమ్మకాయ అంటారు. ఆ వ్యాసం పేరులోనూ నిమ్మకాయలే ఉన్నాయి. పొదలకూరు, గూడూరు మార్కెట్లకు బస్తాలు పంపే మన ప్రాంతంలో నిమ్మ రోజీ ఇచ్చే చెట్టు, అక్కడ మాత్రం గాలీ!

ఆయన చెప్పిన మాట సాదాగా ఇది. ఏ కారు మంచిదో అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలియదు. తెలియదు కాబట్టి కొనేవాడు మధ్యస్థంగా ఒక ధర మాత్రమే ఇస్తాడు. ఆ ధరకు మంచి కారు ఉన్నవాడు అమ్మడు, ఇంటికి తీసుకెళ్తాడు. పాడు కారు ఉన్నవాడు ఖుషీగా అమ్ముతాడు. మెల్లగా బజార్‌లో పాడువే మిగులుతాయి. అంటే ధోకా ఒక్క కొనేవాడినే కాదు, ఇమాన్‌దార్‌గా అమ్ముకునే వాడినీ తింటుంది. మన పిల్లలు కొందరు ఈ పాత బళ్ళ తిజారత్‌లోనే ఉన్నారు. వాళ్ళ బర్కత్ కూడా ఈ రికార్డుల మీదే ఆధారపడి ఉందని మరచిపోవద్దు.

ఇప్పటి దఫ్తర్

సుప్రీం కోర్టు 2018 ఫిబ్రవరిలో నవీన్ కుమార్ వర్సెస్ విజయ్ కుమార్ కేసులో ఇచ్చిన ఫైసలా ప్రతి ఇంట్లో తెలియాలి. ఒక కారు 2007లో అమ్ముడైంది, తర్వాత ఇంకా చేతులు మారింది, కానీ ఆర్.సి. మొదటి మాలిక్ పేరు మీదే ఉండిపోయింది. 2009లో ప్రమాదం జరిగింది, ప్రాణం పోయింది. ఆర్.సి.లో ఎవరి పేరుంటే చట్టం ముందు వాళ్ళే మాలిక్, పరిహారం జిమ్మేదారీ వాళ్ళదేనని కోర్టు తేల్చింది. ఖాళీ ఫారం 29, 30 మీద సంతకం పెట్టి కారు ఇచ్చేసి ఇంటికి వచ్చే ప్రతి ఒక్కరికీ ఇది హెచ్చరిక. 1988 చట్టం సెక్షన్ 50 ప్రకారం అదే రాష్ట్రంలో అమ్మితే అమ్మినవాడు 14 రోజుల్లో తెలియజేయాలి, కొన్నవాడు 30 రోజుల్లో బదిలీ చేయించుకోవాలి.

డీలర్ల చేతిలో ఇరుక్కునే ఈ మధ్య కాలానికి 2022 డిసెంబర్‌లో కేంద్రం రూల్స్ ఇచ్చింది, 2023 ఏప్రిల్ 1 నుంచి అమలు. పాత బళ్ళ డీలర్ ఆథరైజేషన్ తీసుకోవాలి. బండిని తనకు అప్పగించినట్టు ఆన్‌లైన్‌లో తెలియజేస్తే, అమ్ముడయ్యే దాకా డీలర్‌నే మాలిక్‌గా లెక్కేస్తారు. అందుకని యార్డ్‌లో అడగాల్సిన మొదటి సవాల్ కారు గురించి కాదు: "భాయ్, మీ ఆథరైజేషన్ చూపించండి."

తర్వాతి తహఖీఖ్ వరుసగా ఇలా చేయండి.

ఆర్.సి. వివరాలను ఎం-పరివాహన్‌లో సరిచూడండి. ఎన్నో మాలిక్, తయారైన నెల, చాసిస్ నంబర్, పెండింగ్ చలాన్లు చూడండి. 2019 నుంచి ఆంధ్రలో కొత్త బళ్ళకు రాష్ట్రమంతటా ఏపీ 39 వచ్చింది. పాత ఏపీ 26 చూసి నెల్లూరు బండి అని చెప్పినట్టు ఇప్పుడు నంబర్ ప్లేట్ చూసి ఏ జిల్లాదో చెప్పలేరు. రికార్డే దిక్కు.

ఆర్.సి.లో ఫైనాన్స్ కంపెనీ పేరుంటే, ఖర్జ్ తీరిందన్న ఎన్.ఓ.సి.తో పాటు ఫారం 35 ఉండాలి. అవి రాకముందు పూర్తి సొమ్ము ఇవ్వొద్దు. చెన్నై బండి అయితే ఫారం 28 ఎన్.ఓ.సి. కావాలి, మన రాష్ట్రంలో లైఫ్ ట్యాక్స్ కట్టాలి. ఆ ఖర్చు కలిపి హిసాబ్ చేస్తే "చౌక" ఎంత మిగులుతుందో చూడండి. చోరీ బండి కాదని తేల్చుకోవడానికి ఎన్.సి.ఆర్.బి. ఆన్‌లైన్‌లో వాహన ఎన్.ఓ.సి. ఇస్తుంది.

పాత ఇన్సూరెన్స్ పాలసీ అడిగి, నో క్లెయిమ్ బోనస్ చూడండి. క్లెయిమ్ లేకుండా ఏళ్ళు గడిస్తే అది 50 శాతం దాకా పెరుగుతుంది, క్లెయిమ్ చేస్తే సున్నాకు వస్తుంది. ఆరేళ్ళ కారు, "ఒక్క గీత కూడా పడలేదు" అంటాడు, బోనస్ మాత్రం సున్నా. అప్పుడు ఎందుకని అడగండి. ఆ బోనస్ మాలిక్‌ది, కారుతో మీకు రాదు. పాలసీని మాత్రం 14 రోజుల్లో మీ పేరు మీదకు మార్పించుకోవాలి.

కంపెనీ సర్వీస్ సెంటర్‌లో ప్రతి సర్వీసుకూ కిలోమీటర్లు రాస్తారు. ఆ వరుసను మీటర్‌తో పోల్చండి. బ్రేక్ పెడల్ రబ్బరు అరిగి, స్టీరింగ్ నున్నగా అయి, మీటర్ ముప్ఫై వేలే చూపిస్తుంటే అది పొదుగు కట్టిన ఆవు. అన్ని అద్దాల మీద తయారీ సంవత్సరపు గుర్తు ఒకటేనా, ఒకటి వేరా? టైరు మీద చివరి నాలుగు అంకెలు ఏ వారం, ఏ సంవత్సరమో చెబుతాయి.

2015 డిసెంబర్‌లో చెన్నై వరదల్లో, 2024 సెప్టెంబర్‌లో విజయవాడ బుడమేరు వరదల్లో వేల బళ్ళు మునిగాయి. అలాంటి బండి పైకి కొత్త పెళ్ళికొడుకులా ముస్తాబై వస్తుంది. సీటు బెల్టును చివరిదాకా లాగి బురద గీత ఉందేమో చూడండి. కార్పెట్ ఎత్తి వాసన చూడండి, సీటు కింది బోల్టుల తుప్పు చూడండి. ధాన్యపు రాశిలో చెయ్యి పెట్టడం అంటే ఇదే.

చివరిగా రాత. కిలోమీటర్లు, యాక్సిడెంట్ లేదన్న మాట, వరదలో మునగలేదన్న మాట, బదిలీ ఏ తారీఖులోపు చేయిస్తాడో, కాకపోతే బయానా వాపసు ఇస్తాడన్న మాట, అన్నీ రసీదు మీద రాయించి సంతకం తీసుకోండి. ఇచ్చిపుచ్చుకునే సౌదా రాసుకోమని మనకు పెద్దలు చెప్పిందే. రాయడానికి ఒప్పుకోని డీలర్ దగ్గర కారు ఎంత తళతళలాడినా, సలాం చెప్పి లేచి రండి. కువైట్ ఎండ ఇచ్చిన కమాయిని తోక చూపించి తీసుకెళ్ళనివ్వొద్దు.